గొంగడి కప్పిన ఏసీ

రెండు వేల పదో సంవత్సరం మే నెలలో ఒక ఉదయం కోదాడలో కాటయ్య ఇంట్లో అందరి ఆలోచనా ఒక్కటే. ఎండ ముదరకముందే పనులన్నీ ముగించుకుని ఏసీ గదిలో చేరాలి. ఏసీ వచ్చి వారమైంది. కాటయ్య భార్య తిరుపతమ్మ కోసం కొన్నారు దాన్ని. ఆమె గుండెలో ఒక కవాటం పాడైంది. తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి హైదరాబాద్ దవాఖానలో ఖర్చు లేకుండా ఆపరేషన్ చేస్తామని వచ్చే నెలకు తారీఖు ఇచ్చారు. అప్పటిదాకా ఆమెకు ఎండ తగలనీయొద్దని, ఆయాసం రానీయొద్దని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

కొడుకు ధర్మేందర్ మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇంటికొస్తాడు. తల్లి కోసం కొన్న ఏసీలో మొట్టమొదట గురక పెట్టింది ఆయనే. కోడలు స్రవంతికి మటుకు ఏసీతో పరిచయమంతా దాంతోపాటు వచ్చిన పుస్తకం వరకే, ఎందుకంటే ఏసీ పడకగదిలో ఉంది, ఆమె వంటగదిలో ఉంది. బీఎస్సీ చదివిన స్రవంతి పప్పు ఉడికేలోగా ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివింది. ఇంట్లో మిగిలినవాళ్లు ఆ అట్టతో విసురుకున్నారు.

స్నానాలు కాకముందే పక్కింటి శ్రీనివాస్ గోడ మీంచి తల పెట్టాడు. ఆయన ఆర్టీసీ కండక్టర్. బస్సులో విన్న సంగతిని ఇంటికి తేకుండా ఉండడం ఆయన వల్ల కాదు.

"కాటయ్య మామా, ఇన్నవా? సర్కారోళ్లు దిగిండ్రు. పక్క బజార్ల ఇంటింటికి నంబర్లేస్తున్నరు."

"దేనికిరా?"

"దేనికేంది? తెల్ల కార్డులు ఏరేతందుకు. ఎవరింట్ల ఏసీ కనబడితె వాళ్ల కార్డు ఖతం. మిర్యాలగూడ బస్సుల ఒకాయన చెప్పిండు."

"ఎవరాయన?"

"నాకేమెర్క? టికెట్ తీసుకున్నడు, చెప్పిండు, హుజూర్‌నగర్‌ల దిగిండు."

హుజూర్‌నగర్‌లో దిగిపోయిన ఆ మనిషి మాట కాటయ్య గుండెలో దిగింది. కార్డు పోతే ఆపరేషన్ పోతుంది. అందరూ ఒకేసారి మిద్దె వైపు చూశారు. ఏసీ బయటి డబ్బా అక్కడే, పిట్టగోడను ఆనుకుని, వీధికి ఎదురుగా తెల్లగా మెరుస్తూ ఉంది.

"మండలాఫీసుకు పోయి అడిగితె అయిపోతది కద మామా," అంది స్రవంతి.

"అడుగుత. నీ ఇంట్ల ఏసీ ఉన్నదా అని ఆడి సారు అడుగుతడు. అప్పుడేం చెప్పమంటవ్ బిడ్డా?"

కాటయ్య లోపలికి పోయి పెట్టె మీదున్న గొర్రె బొచ్చు గొంగడి తీసుకొచ్చాడు. అనంతగిరిలో గొర్లు కాసిన రోజుల నుంచీ అది ఆయనతోనే ఉంది. ఇల్లు కట్టుకుని కోదాడ వచ్చినా, గొర్లన్నీ అమ్మేసినా దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మిద్దె ఎక్కి ఏసీ డబ్బాను చంటిపిల్లను చుట్టినట్టు నాలుగు వైపులా చుట్టాడు. దాని మీద ఒక చాట పెట్టాడు, చాటలో ఎండుమిరపకాయలు పోశాడు. వీధిలోకి దిగి చూసుకుని సంతోషించాడు.

స్రవంతి పుస్తకం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. "మామా, లోపలి వేడంత ఆ డబ్బల నుంచే బయటికి పోవాలె. చుట్టూ గాలి ఆడాలని రాసుంది. కప్పితె వేడి ఎటూ పోదు."

"గొంగడి సంగతి నాకు చెప్తున్నవా? ఎండనాపుతది, వాననాపుతది, చలినాపుతది. మనిషినే కాపాడింది, మిషన్‌ను కాపాడదా?"

"మనిషి వేరు, ఏసీ వేరు మామా."

"ఏమే, నాయినతోటి వాదన పెట్టుకోకు," అన్నాడు ధర్మేందర్ లోపలి నుంచి, కళ్లు తెరవకుండానే. ఆయనకు అప్పటికింకా చల్లగానే ఉంది.

మధ్యాహ్నం కాకముందే చల్లదనం ఆగిపోయింది. లోపలి ఫ్యాను తిరుగుతూనే ఉంది, వచ్చే గాలి మాత్రం రొట్టెల పెనం మీంచి వచ్చినట్టుంది. కాసేపటికి దానంతట అదే మళ్లీ చల్లబడింది, మళ్లీ ఆగింది. తిరుపతమ్మ లేచి కూర్చుని ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. "ఈ గదిలకన్న బయటనే నయముందిరా," అంటూ మెట్ల కింద నీడలోకి వెళ్లి కూర్చుంది.

అక్కడ కూర్చున్న మనిషికి వీధి చివరిదాకా కనిపిస్తుందని కాటయ్య అప్పుడే గమనించాడు. "నువ్వు ఎట్లనన్న గాడ్నే కూసున్నవ్ గద. సంచి తగిలించుకోని ఎవరన్న నంబర్లేసుకుంట వస్తె జర కేకెయ్యి," అన్నాడు. ఆ విధంగా ఎండలోకి పోకూడని మనిషికి ఎండలో కాపలా పని దొరికింది. నీడ జరిగినప్పుడు వేసుకోమని గొడుగు ఇచ్చారు. ఇంట్లో అందరూ అది బాగానే ఉందనుకున్నారు.

మర్నాడు ధర్మేందర్ మెకానిక్ రాందాస్‌కు ఫోన్ చేశాడు. సూర్యాపేటలో పని నేర్చుకుని కోదాడ బస్టాండు పక్కన దుకాణం పెట్టినవాడు. బండి శబ్దం వినగానే కాటయ్య మిద్దె మీదికి పరుగెత్తాడు. "బస్టాండు కాడ కూసునేటోడు. ఏసీ దాసిపెట్టిండ్రని ఒక్కనికి చెప్తె ఊరంత చెప్పినట్టే," అంటూ మిరపకాయల చాట పక్కన పెట్టి, గొంగడి లాగి, మడిచి, చంకన పెట్టుకున్నాడు. రాందాస్ మెట్లెక్కేసరికి ఏసీ డబ్బా ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఉంది.

గొంగడి తీశాక గాలి ఆడింది. గాలి ఆడాక ఏసీ పనిచేసింది. రాందాస్ గదిలో నిలబడి చెయ్యి పెట్టి చూశాడు.

"మస్తు సల్లగొస్తుంది గదనే!"

"నువ్వొచ్చినవని వస్తుంది," అన్నాడు ధర్మేందర్. "నువ్వు పోంగనే ఆగిపోతది సూడు."

రాందాస్ చాలాసేపు ఆలోచించి గోడకున్న స్టెబిలైజర్ మీద వేలు పెట్టాడు. "గిదే దొంగ. కరెంటు జర అటిటైతె చాలు, ఇది ఆపేస్తది. మళ్ల ఇయ్యమంటె ఇయ్యదు, సప్పుడు చెయ్యకుంట కూసుంటది."

"అది కావాలనే కొద్దిసేపు ఆగుతది," అంది స్రవంతి గుమ్మం దగ్గర నుంచి. "కరెంటు పోయి వచ్చినంక వెంటనే ఇస్తె కంప్రెసర్ పాడైతదని రాసిండ్రు. అసలైతే మేము పైన..."

కాటయ్య దగ్గాడు. మామూలు దగ్గు కాదు, మంద మొత్తాన్ని మళ్లించే దగ్గు.

"పైన మిరపకాయలు ఎండబోసినం అంటుంది," అన్నాడు ధర్మేందర్. "నువ్వు కానియ్యన్నా."

రాందాస్ స్టెబిలైజర్ పీకేసి తీగలు నేరుగా కలిపాడు. "డైరెక్ట్ చేసిన. ఇగ పరేషాన్ లేదు." ఆయన బండి వీధి మలుపు తిరగగానే కాటయ్య గొంగడి కప్పాడు. మెట్ల మీదికి పాకిన ఎండకు అడ్డంగా తిరుపతమ్మ గొడుగును ఇంకో పక్కకు జరుపుకుంది.

ఇలా ఆ వారమంతా రాందాస్ వచ్చినప్పుడల్లా ఏసీ పనిచేసింది, పోయినప్పుడల్లా ఆగింది. ఆయనకు తన పనితనం మీద మొదట అనుమానం వచ్చింది, తర్వాత ఏసీ మీద కోపం వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు బయటి డబ్బా విప్పి, కంప్రెసర్ నెత్తిన టోపీలాంటి మూత తీసి, లోపల ఉన్న చిన్న నల్ల బిళ్లను చూపించాడు.

"కంప్రెసర్ వేడెక్కిందంటె ఈ బిళ్ల ఆపేస్తది. సల్లవడ్డంక మళ్ల ఇస్తది. గీ బిళ్ల ఖరాబైంది."

"వేడెక్కితేనే కదా ఆపుతది?" అంది స్రవంతి. "ఎందుకు వేడెక్కుతుందో చూడాలె కదన్నా?"

రాందాస్ డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. "ఏడ వేడుందమ్మా? సూడు, నువ్వే ముట్టి సూడు."

ఆమె ముట్టి చూసింది. అప్పుడు నిజంగానే వేడి లేదు. పక్కన కాటయ్య చంకలో మడతపెట్టిన గొంగడి నుంచి మాత్రం పొయ్యి ముందు కూర్చున్నంత సెగ వస్తోంది. ఆయన చెమట తుడుచుకుంటూ ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నీ బీఎస్సీ పుస్తకం అవతల పెట్టి చాయ్ పట్కరాపో," అన్నాడు ధర్మేందర్.

ఆమె చాయ్ తెచ్చింది. తెచ్చేలోగా బిళ్ల కూడా డైరెక్ట్ అయింది.

ఒక మధ్యాహ్నం మామా మొగుడూ బజారుకు పోయినప్పుడు స్రవంతి మిద్దె ఎక్కి గొంగడి తీసేసింది. గది చల్లబడ్డాక అత్తను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి పడుకోబెట్టింది. తిరుపతమ్మ కొద్దిసేపట్లోనే నిద్రపోయింది. ఆ వారంలో ఆమె పగటిపూట కునుకు తీసింది అప్పుడే. ఆయాసం లేకుండా ఊపిరి తీస్తుంటే ఆ శబ్దం వినడానికి స్రవంతి వంటగదిలో కుక్కరు కూడా పెట్టలేదు.

కాటయ్య తిరిగొచ్చి మిద్దె చూసి గుండెలు బాదుకున్నాడు. "ఎవలు తీసిండ్రు?"

"నేనే మామా. అత్తమ్మ పండుకుంది చూడండి."

"ఇయ్యాల పండుకుంటది. రేపు కార్డు పోతె శాశ్వతంగ పండుకుంటది! నీకు సదువుంది గని తెలివి లేదు బిడ్డా." ఈసారి గొంగడి కప్పి ఊరుకోలేదు. నులకతాడు తెచ్చి, ఒకప్పుడు గొర్రెపిల్లల కాళ్లు కట్టిన ముడితో డబ్బా చుట్టూ బిగించాడు. తిరుపతమ్మ లేచి, ఎవరూ చెప్పకముందే తానే గొడుగు తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లింది. వెళ్తూ కోడలి వైపు ఒకసారి చూసింది. మనసులో మాట పైకి అనడం తిరుపతమ్మ ఆ ఇంట్లో ఎప్పుడో మానేసింది.

బిళ్ల లేదు కాబట్టి ఇప్పుడు కంప్రెసర్ వేడెక్కినా ఆగడం లేదు. దాని బదులు మీటరు పక్కన, కరెంటు ఎక్కువ లాగితే ఆపే మీట టప్పున పడిపోవడం మొదలైంది. దాన్ని పైకి లేపి లేపి ధర్మేందర్ వేలు నొప్పిపుట్టింది. రాందాస్ మూడోసారి వచ్చి, మిద్దె ఎక్కకుండానే, ఆ మీట మరీ చిన్నదని, ఇంత ఏసీకి సరిపోదని, రైస్ మిల్లుకు పెట్టేటంత పెద్దది తెచ్చి బిగించాడు. ఈసారి స్రవంతి గుమ్మం దగ్గరికి రాలేదు. వంటగదిలోంచే అంది.

"ఆపేటివి మూడుండె. మూడూ పోయినయ్."

"అవ్‌నమ్మా," అన్నాడు రాందాస్ గర్వంగా. "ఇగ దీన్ని ఆపేటోడు లేడు."

నిజమే. మర్నాడు పొద్దుటి నుంచి ఏసీ ఆగలేదు. చల్లగా మాత్రం రాలేదు, కానీ ఆగలేదు. ధర్మేందర్ ఆ విజయానికే తృప్తిపడి, ఫ్యాను కింద తడిగుడ్డ కప్పుకుని నిద్రపోయాడు. కాటయ్య అరుగు మీద బీడీ ముట్టించాడు. మెట్ల మీద తిరుపతమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఎవలింట్లనో తలకాయ కాలుస్తున్నరు."

కాటయ్య కూడా వాసన చూశాడు. మంట మీద పొట్టేలు తలకాయ బొచ్చు కాలుతున్న వాసన ఆయనకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. "ఇయ్యాల బుధవారం గద. ఎవలింట్ల పండుగనో," అన్నాడు. నోట్లో నీళ్లూరాయి. పక్కింటి గోడ మీంచి శ్రీనివాస్ తల లేచింది.

"మామా, తలకాయ కూరనా? మాకు జెప్పనే లేదు!"

"మా ఇంట్ల కాదురా, మీ ఇంట్లనేమో అనుకుంటున్న."

ముగ్గురూ కాసేపు అది ఎవరింటి తలకాయో చర్చించారు. వంటగదిలోంచి బయటికొచ్చిన స్రవంతి ఆ చర్చలో కలవలేదు. మిద్దె వైపు చూసింది. గొంగడి అంచుల కింద నుంచి పొగ, మందంగా, పసుపుపచ్చగా, తీరిగ్గా వస్తోంది. సరిగ్గా అదే సమయానికి తిరుపతమ్మ వారం రోజులుగా ఎదురుచూస్తున్న మనిషి వీధి మలుపులో కనిపించాడు. నల్ల సంచి, చేతిలో అట్ట, చెవి మీద సుద్దముక్క.

"వచ్చిండు!" అని కేకేసింది తిరుపతమ్మ. ఇచ్చిన పని ఆమె సరిగ్గానే చేసింది.

అప్పుడే పొగ చూసిన కాటయ్య బిందె ఎత్తుకుని మెట్ల వైపు ఉరికాడు. స్రవంతి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. పెళ్లయ్యాక మామ చెయ్యి పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. "కరెంటు ఉండంగ నీళ్లు పోస్తె మీరే పోతరు!" అని పరుగెత్తి మెయిన్ ఆపింది. అప్పుడు కాటయ్య పోసిన నీళ్లకు గొంగడి బుస్సుమంది. నులకతాడు ముడి మాత్రం విడలేదు, కొడవలితో కోయాల్సి వచ్చింది. లోపల కంప్రెసర్ తీగలు కరిగి, డబ్బా నల్లబడి, కాలే మిరపకాయల ఘాటుకు వీధి వీధంతా దగ్గుతోంది. ధర్మేందర్ తడిగుడ్డతోనే బయటికొచ్చి, "రాందాస్ ఏడి?" అన్నాడు.

దగ్గుతున్న జనం మధ్య నుంచి సంచి మనిషి గేటు దాకా వచ్చాడు. సన్నగా, పెద్దమనిషి తరహాలో ఉన్నాడు. పేరు మత్తయ్య, బడిపంతులు. ఆ సంగతి అడిగే ఓపిక అక్కడ ఎవరికీ లేదు.

"ఏంది, ఇల్లు కాలిందా?" అన్నాడాయన కంగారుగా.

"ఏం లేదు సారూ, మిరపకాయలు," అన్నాడు ధర్మేందర్.

"అది ఏసీ డబ్బ కదా?"

కాటయ్యకు భార్య ఆపరేషన్ కళ్ల ముందు మెదిలింది. బిందె కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. "అది మాది కాదు సారూ! నా కొడుకుది, కోడలుది. వాళ్లు వేరున్నరు. మేం పేదోళ్లం, మాదంత వేరే. ఈ బజారంత సాక్ష్యం!"

బజారంతా ఆయన వైపు తిరిగింది. శ్రీనివాస్ నోరు తెరిచాడు. ధర్మేందర్ తండ్రి కళ్లలోకి చూసి, అర్థమైనట్టు తల ఊపాడు. "అవ్ సారూ. వేరుపడ్డం."

"వంట కూడా వేరేనా?" అన్నాడు మత్తయ్య అట్టకున్న కాగితాలు తిప్పుతూ. "ఒక పొయ్యి మీద తినేటోళ్లను ఒక కుటుంబం కింద రాయాలె నేను."

"పొయ్యి కూడ వేరే!" అన్నాడు కాటయ్య వెనకాడకుండా.

మత్తయ్య అరుగు మీద కూర్చుని పెన్ను తీశాడు. ధర్మేందర్, స్రవంతి ఒక కుటుంబం. రాశాడు. కాటయ్య ఇంకో కుటుంబం. రాశాడు. తర్వాత మెట్ల దగ్గర గొడుగు కింద ఆయాసపడుతున్న తిరుపతమ్మను చూశాడు.

"అమ్మా, నువ్వు ఎవరి పొయ్యి మీద?"

"నాతోటే సారూ, నా భార్య," అన్నాడు కాటయ్య.

"ఆమెను చెప్పనీయండి పెద్దాయనా."

తిరుపతమ్మ గొడుగు మూసింది. లేచి నిలబడడానికి కొంచెం సేపు పట్టింది. "కోడలి పొయ్యి మీద రాయి సారూ," అంది. "ఎండల కాపలా పెట్టిన పొయ్యి నాకొద్దు."

వీధిలో దగ్గు ఆగిపోయింది. "నీకేమన్న మతి పోయిందా?" అన్నాడు కాటయ్య. ఆమె ఆయన వైపు చూడలేదు. స్రవంతి వచ్చి చెయ్యి అందిస్తే పట్టుకుని లోపలికి నడిచింది.

మత్తయ్య అది కూడా రాసుకుని, ఇంట్లో టీవీ ఉందా, ఫోను ఉందా, సైకిల్ ఉందా అని అడిగాడు. కాటయ్య ఇక ఆగలేక తానే అడిగేశాడు.

"మరి ఏసీ ఉంటె కార్డు పోతదా సారూ?"

"ఏం కార్డు?"

"తెల్ల కార్డు."

"కార్డుల సంగతి నాకు తెల్వదు పెద్దాయనా. నేను జనాభా లెక్కలకు వచ్చిన. ఏసీకి మా కాయిదంల గడి కూడ లేదు." మత్తయ్య మంచినీళ్లు అడిగి తాగాడు. "ఎవరు చెప్పిండ్రు నీకు?"

కాటయ్య గోడ వైపు చూశాడు. శ్రీనివాస్ తల అప్పటికే అక్కడ లేదు.

"గట్లయితె సారూ, ఆ రాసింది కొట్టెయ్‌రి. మేమంత ఒక్కటే. ఒక్కటే పొయ్యి."

"ఇంతమంది ముందల చెప్పినవు. ఆమె కూడ చెప్పింది. రాసింది కొట్టెయ్యొద్దని మాకు ట్రైనింగుల మరీ మరీ చెప్పిండ్రు." మత్తయ్య గోడ మీద సుద్దతో నంబరు వేశాడు. దాని కింద ఇంకో నంబరు వేశాడు. సంచి సర్దుకుని పక్కింటికి వెళ్లాడు.

కార్డుకు ఏమీ కాలేదు. ఆపరేషన్ తారీఖు మారలేదు. ధర్మేందర్ కాలిన డబ్బా ముందు కూర్చుని రాందాస్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, రాందాస్ ఎత్తడం లేదు. లోపల స్రవంతి కిటికీలకు తడి చీరలు కట్టి, అత్తను వాటి పక్కన పడుకోబెట్టి, విసనకర్రతో విసురుతూ కూర్చుంది. తర్వాత లేచి అన్నం వండింది. ముందు అత్తకు పెట్టింది. మొగుణ్ణి పిలిచి పెట్టింది. చివరికి ఇంకో కంచం కడిగి, పీట వేసి, గుమ్మం దగ్గర తచ్చాడుతున్న మామ వైపు చూసింది.

"రాండి మామా. మొహమాటపడకుండ తినండి."

ఆ మధ్యాహ్నం కాటయ్య తాను కట్టించిన ఇంట్లో చుట్టపుచూపుగా భోంచేశాడు.